రిలీవర్ గారికి ఎండు నెత్తళ్ళు

గాజువాక,
7 మే 2023, ఆదివారం

బావా,

ఫోను చెయ్యొద్దని నువ్వే అన్నావు, అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వన్నదీ నిజమే. ఫోను అప్ప చెవి దగ్గర పెడితే ఇవతల నాకు ఊపిరి తప్ప ఏమీ వినిపించదు. ఆ ఊపిరి విని నేను ఏదో ఒకటి అరుస్తాను. అప్ప ఏడుస్తుంది. నువ్వు నన్ను తిడతావు, నేను నిన్ను తిడతాను. పక్షవాతం వచ్చిన మీ ఆవిడకి మాటలు వినిపిస్తూ ఉండమన్నాడు డాక్టరు, తిట్లు వినిపించమనలేదు. ఉత్తరమైతే నువ్వు పదిసార్లు చదివి వినిపించవచ్చు.

గంగాలమ్మ పిన్ని ప్రతి ఆదివారం ఎండుచేపల గంపతో భీమిలి నుంచి గాజువాక వస్తుంది కదా. ఇక మన పోస్టాఫీసు ఆవిడే.

నీ కబురు అందింది. వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది, పదిహేనున బోట్లు హార్బరు దాటుతాయి. ఓనరు శ్రీరామ్మూర్తి డ్రైవరు పని నీకోసం ఆపి ఉంచాడు. డిసెంబరు నుంచి అప్ప మంచం పక్కనే ఉన్నావు. ఈసారి ఎక్కకపోతే నీ చోట ఇంకొకడు ఎక్కుతాడు, ఎక్కినవాడు మరి దిగడు. మొదటి వేట పది రోజులు నేను వచ్చి అప్ప దగ్గర కూర్చోవాలి. అంతే కదా నువ్వు అడిగింది?

రాలేను. రిలీవర్ రాడు. బొగ్గు యార్డులో బెల్టు పక్కన రేకుల గదిలో నేనొక్కడినే ఉంటాను. బెల్టు మీద బొగ్గు పోతూ ఉంటుంది, నేను చూస్తూ ఉంటాను. ఎనిమిది గంటలు ఒక్క మనిషి మొహం కనపడదు. రిలీవర్ వస్తేనే నేను అక్కడి నుంచి కదలాలి. ఆయనగారు రోజూ గంట లేటు, ఒక్కోరోజు మూడు గంటలు. ఆ గంటలకి కాంట్రాక్టరు ఏమీ ఇవ్వడు, అడిగితే రేపటి నుంచి రావద్దంటాడు. ఇలాంటి చోట పది రోజులు సెలవు ఎవడిస్తాడు?

అప్పకి నేను బాగున్నానని చెప్పు.

వాసు


భీమిలి,
13 మే, శనివారం

ఒరే వాసూ,

నీ ఉత్తరం పిన్ని గంపలోంచి తీసినాక ఎండు కవళ్ళ సేపల వాసన. మీ అప్ప ముందు వాసన సూసి, అప్పుడు ఇన్నాది. మూడు సార్లు సదివించుకున్నాది. సాలనిపిత్తే ఎడం సెయ్యి ఎత్తుతాది, ఎత్తనేదు.

నాను ఏడో తరగతి. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

అంతా అర్థమైనాది గాని ఆ రిలీవర్ గారెవలో తెలీనేదు. ఆయనొత్తేనే నువ్వు కదలాలంటన్నావు. ఎప్పుడొత్తాడో తెల్దంటన్నావు. అంటే పెద్దాఫీసరే అయ్యుంటాడు. పెద్దోళ్ళ కాడ కోపంగా మాటాడితే పని జరగదురా. నీ నోరు నాకు తెల్దా.

అందుకని కేజీ ఎండు నెత్తళ్ళ సేపలు పంపుతన్నాను. ఇసక అన్నది నేకుండా ఏరించినాను. ఏరినాది ఎవలనుకున్నావు, మీ అప్పే. ఎడం సేత్తో ఒక్కొక్కటీ తీసి, రెండు రోజులు కూకున్నాది. రిలీవర్ గారింటికి ఎల్లు. సెప్పులు బయట ఇప్పు. పొట్లాం సేతిలో పెట్టి, మా అప్పకి బాగోనేదు బాబూ, పది రోజులు వదలండి అను. అంతకుమించి ఒక్క ముక్క మాటాడకు.

ఇక్కడ ఇశేషం ఏటుంది. నాను మాటాడతాను, తను సూత్తాది. పొద్దుగూకేలోపు నా మాటలు అయిపోతాయి. అప్పుడు ఇద్దరం తలుపులోంచి సముద్రం కేసి సూత్తాం. బోటు మీద ఇరవై రోజులు నీళ్ళే సూసినాను గాని ఇంత ఒంటరిగా ఎప్పుడూ ఉండనేదు.

మీ బావ, నూకాలు


గాజువాక,
21 మే, ఆదివారం

బావా,

రిలీవర్ గారు నెత్తళ్ళు పుచ్చుకున్నారు. ఆయన పేరు జగ్గారావు. ఆఫీసరు కాదు. నాలాగే కాంట్రాక్టు కూలీ, యాభై ఏళ్ళవాడు, గొంతులో ఎప్పుడూ బొగ్గు గరగర. నా షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి అయిపోతే నా తర్వాత ఆ గదిలో కూర్చునేవాడు ఆయన. దాన్నే రిలీవర్ అంటారు. పొట్లాం ఎందుకిస్తున్నానో అర్థంకాక మొహం చూశాడు. ‘మా బావ మిమ్మల్ని ఆఫీసరనుకున్నాడు’ అన్నాను. మూడు గంటలకి వచ్చిన మనిషి నవ్వుతూ ఇంకో పావుగంట నన్ను అక్కడే నిలబెట్టాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్ప ఒంటి చేత్తో ఏరిన చేపలు అవి.

నీకు తెలియని మాట రాయడం నా తప్పే. నాకూ పూర్తిగా తెలియదని అప్పుడు అర్థమైంది. రోజూ వాడే మాట, అసలు ఎక్కడిదో తెలియదు. లైబ్రరీలో లావు నిఘంటువు తీసి చూశాను. లాటిన్ అని పాత భాష ఒకటి ఉంది. అందులో ‘లెవిస్’ అంటే తేలిక. ‘రెలెవారె’ అంటే మళ్ళీ పైకెత్తడం, బరువు తగ్గించడం. ఇంగ్లీషువాడు దాన్ని తెచ్చుకుని ‘రిలీవ్’ చేసుకున్నాడు. మనం దాన్ని తెచ్చుకుని ఎక్కడ పడితే అక్కడ పెట్టుకున్నాం. హుద్‌హుద్‌ తుఫానప్పుడు పంచిన బియ్యం రిలీఫు బియ్యం. నీ నడుం నొప్పి మందు డబ్బా మీద ఉన్నదీ అదే మాట, ఈసారి చూడు. ఉద్యోగం మానేస్తే చేతిలో పెట్టే కాగితం రిలీవింగ్ లెటర్. ఒంటికి వెళ్ళడాన్ని కూడా దొరలు ఈ మాటతోనే అంటారట. ఇది అప్పకి చదువు, నవ్వుతుందేమో.

మా గదిలో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాడు లాగ్‌బుక్కులో సంతకం పెట్టేస్తే చాలదు. ఎదురెదురుగా నిలబడాలి. ఏ రోలరు వేడెక్కుతోంది, బెల్టు ఏ పక్కకి జరుగుతోంది, నేను నోటితో చెప్పాలి, ఆయన వినాలి. మొహం చూసుకున్నాకే ఇద్దరం సంతకం. దాన్ని ఛార్జ్ ఇవ్వడం అంటారు. అది జరగకుండా మనిషి కదిలితే, బెల్టుకి నిప్పంటుకుంటే, తప్పంతా కదిలినవాడిదే. అందుకే రిలీవర్ రాని రోజు నేను తిండి లేకుండా కూర్చుంటాను. ఇప్పటికైనా తెలిసిందా నేను ఎందుకు రాలేనో?

వాసు


భీమిలి,
27 మే, శనివారం

వాసూ,

నీ మాట పుట్టుపూర్వోత్తరాలు ఇన్నాం. ఒంటికెల్లే కాడ మీ అప్పకి నవ్వొచ్చినాది, నిజమే. నాకే రానేదు. ఎందుకంటే ఉత్తరం తెచ్చిన పిన్ని ఇంకో ముక్క కూడా తెచ్చినాది.

నువ్వుండే ఇంటికాడ పక్క గదివోడిని అడిగినాదట, మావోడికి సెలవే దొరకదా నాయనా అని. ఆడేటన్నాడో తెలుసా. ‘ప్రతి గురువారం ఆఫే కదమ్మా, పొద్దుట నుంచీ లైబ్రరీలో కూకుంటాడు’ అన్నాడట.

ప్రతి గురువారం. జనవరి నుంచి ఎన్ని గురువారాలురా? పుస్తకం సూడ్డానికి రిలీవర్ అక్కర్నేదు, నిన్ను పెంచిన మనిషిని సూడ్డానికి మాత్రం కావాలి. మీ అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. నాను పెళ్ళి సేసుకున్ననాడు మీ అప్ప సంకలోంచి నువ్వు దిగనేదు. పీటల మీద ముగ్గురం కూకున్నామని ఇప్పటికీ ఊళ్ళో నవ్వుతారు.

ఇంకోటి. ఆ మాట కోసం లాటిన్ దాకా ఎల్లక్కర్నేదు. మా బోట్లో దాన్ని వంతు అంటారు. నా వంతు అయితే నాను సుక్కాని పడతాను, నీ వంతు అయితే నువ్వు పడతావు. మీ అప్ప కాడ ఆరు నెలల్నుంచి నా వంతే నడుత్తన్నాది. నీ వంతు ఎప్పుడో నీ నిఘంటువులో సూసి సెప్పు.

నూకాలు


గాజువాక,
4 జూన్, ఆదివారం

బావా,

పిన్ని చెప్పింది నిజం. గురువారం నాకు ఆఫ్. లైబ్రరీలో కూర్చుంటాను. నువ్వు తిట్టినదానికంటే ఎక్కువే నన్ను నేను తిట్టుకున్నాను కాబట్టి ఇంకా మిగిలి ఉంటే పంపు.

జనవరిలో ఆసుపత్రికి వచ్చాను కదా. అప్ప నన్ను చూసి ఏదో అనబోయింది, నా పేరే అనుకుంటాను. మూతి పక్కకి వెళ్ళింది, చొంగ కారింది. కొంగు కోసం ఎడం చేత్తో తడుముకుంది, దొరకలేదు. మొహం తిప్పేసుకుంది. నా ముందు సిగ్గుపడింది, బావా. నా ముక్కు తుడిచి పెంచిన మనిషి నన్ను చూసి సిగ్గుపడింది. నేను టీ తాగి వస్తానని చెప్పి వెళ్ళి గాజువాక బస్సు ఎక్కాను.

మార్చిలో ఒక గురువారం మళ్ళీ బయలుదేరాను. తగరపువలసలో దిగాను. అప్పకి ఇష్టమని చక్కెరకేళీలు డజను కొన్నాను. భీమిలి బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది. అదీ వెళ్ళిపోయింది. మూడు బస్సులు వదిలేసి ఎదురు వైపు వెళ్ళి నిలబడ్డాను. వెనక్కి వస్తూ డజను పళ్ళూ నేనే తినేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇక్కడ ఎవరున్నారు? బెల్టుకి చెప్పాలి.

నువ్వు వంతు అన్నావు. వంతుకీ దీనికీ తేడా ఉంది. వంతు గడియారం చూసుకుని దానంతటదే వస్తుంది. రిలీవర్ తన కాళ్ళతో నడిచి రావాలి. గంట కొట్టినంత మాత్రాన నీ బరువు దిగదు. ఒక మనిషి వచ్చి నీ ఎదురుగా నిలబడి ‘ఇక నేను చూసుకుంటాను’ అనేదాకా అది నీదే. ఆరు నెలల నుంచి నువ్వు అలాగే కూర్చున్నావు. లేటుగా వచ్చినందుకు రోజూ జగ్గారావుని తిడుతున్నాను. నేను అసలు రానే లేదు.

ఇది అప్పకి చదవకు.

వాసు


భీమిలి,
10 జూన్, శనివారం

వాసూ,

సదవొద్దని ఆఖర్న రాత్తే ఏటి లాభంరా. మొదట్నుంచీ సదువుకుంటా వచ్చి ఆ ముక్క కాడ ఆగినాను. అప్పటికి మొత్తం ఇనేసినాది. పళ్ళ కాడ కళ్ళు మూసుకున్నాది.

గురువారం ఓనరు వచ్చినాడు. గుమ్మంలో నిలబడి, ఏటి నూకాలూ, వత్తన్నావా రావా అన్నాడు. రాలేను బాబూ, వేరేవోడిని సూసుకోండి అన్నాను. పదమూడు సాయంత్రం దాకా సూత్తాను, ఆ తర్వాత నన్నడగొద్దని ఎల్లిపోయినాడు.

ఆ మధ్యాహ్నం నుంచీ మీ అప్ప మెతుకు ముట్టనేదు. గంజి పడితే పళ్ళు బిగించేత్తాది. గోడకేసి తిరిగిపోయినాది. ఈ రోజుకి మూడో రోజు. నీ ఉత్తరంతోటి మనసు ఇరిగిపోయినాదని నా అనుమానం. నిన్నేటీ అనను. నాను సదవకుండా ఉండాల్సింది. మనిషి సన్నగా అయిపోతన్నాది. నాకేటి సెయ్యాలో తెలీడం నేదు.

నూకాలు


గాజువాక,
11 జూన్, ఆదివారం, సాయంత్రం నాలుగు

బావా,

పిన్ని బస్సుకి ఇంకా అరగంట ఉంది. అందుకే గీతలు వంకర.

అప్ప మనసు విరగలేదు. సమ్మె చేస్తోంది. నీకు తెలియదు, అప్పుడు నువ్వు వేటలో ఉన్నావు. నేను పదో తరగతి మానేసి హార్బరులో ఐసు ప్లాంటులో చేరిన రోజున ఇదే చేసింది. గోడకి తిరిగి రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నోరున్న రోజుల్లోనే నోరెత్తలేదు. ‘వెళ్ళు’ అని దానర్థం. బడికి వెళ్ళు. నేను లొంగలేదు. మూడో రోజు అదే లేచి వండింది. బడి మానినందుకే ఇవాళ్టికీ లైబ్రరీలో ఒక్కొక్క మాట ఏరుకుంటున్నాను, ఇసుకలోంచి నెత్తళ్ళు ఏరినట్టు.

ఇప్పుడు నీ మీద చేస్తోంది. ఓనరుకి రానని ఎప్పుడు చెప్పావో చూసుకో, ఎప్పుడు గంజి మానేసిందో చూసుకో. నిన్ను సముద్రంలోకి వెళ్ళమంటోంది.

ఇవాళ మూడింటికి జగ్గారావు వచ్చాడు. ఎప్పటిలా తిట్టబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. మా అప్పకి బాగాలేదు, పది రోజులు నా షిఫ్టు కూడా మీరు చేస్తారా అన్నాను. తిరిగి వచ్చాక మీవి పది నేను చేస్తానన్నాను.

ఆయన హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. ‘ఏడాదిన్నర నుంచి తిడతన్నావు గాని, ఒక్కనాడు అడిగినావేటి?’ అన్నాడు. ‘మా ఆడది ఆ నెత్తళ్ళు వండిన కాడ్నుంచీ నన్ను ఆఫీసరు గారూ అనే పిలుత్తన్నాది. ఆఫీసరన్నాక సెలవియ్యకపోతే ఎలాగ. సూపరువైజరుకి నాను సెప్పుకుంటాను, ఎల్లు.’

అంతటితో ఆగితే బాగుండేది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి అన్నాడు. ‘ఏటీ అనుకోకు. నీ షిఫ్టుకి లేటుగా వత్తే పర్లేదనుకునీవోడిని. కుర్రగుంటడికి ఇంటికాడ ఎదురుసూసీవోళ్ళు ఎవలూ నేరు గదా అని.’

మెట్ల కింద నిలబడ్డాను బావా. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

ఓనరుకి ఇవాళే చెప్పు, వస్తున్నానని. అప్పకి ఈ ఉత్తరం చదివి, తర్వాత గంజి పట్టు. స్నానం, బట్టలు మార్చడం పొద్దునే పిన్ని చూస్తానంది. మిగతాదంతా నేను. పద్నాలుగు సాయంత్రానికి దిగుతాను. తగరపువలసలో ఆగను. నేను వచ్చేదాకా నువ్వు కదలకు. మొహం చూసి ఛార్జ్ ఇవ్వాలి. చెప్పింది మర్చిపోతాను కాబట్టి నోటుబుక్కులో రాసి ఉంచు.

వాసు


నోటుబుక్కు మొదటి పేజీ
భీమిలి, 14 జూన్, బుధవారం

వాసు బాబుకి ఛార్జ్.

పొద్దుట మాత్తర్లు తెల్ల డబ్బాలోవి రెండు. సాయంత్రం ఒకటి. గంజి ఎడం బుగ్గ కేసి పట్టాలి. కుడి బుగ్గలో పడితే పొలమారుతాది.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చేటప్పుడు సెప్పి మార్చు. సెప్పకుండా ఎత్తితే భయపడుతాది.

పైకెత్తడం ఇలాగ. నీ మెడ సుట్టూ తన ఎడం సెయ్యి ఏయించుకో. ఒకటి, రెండు అని లెక్కపెట్టు. మూడు అనకు. మూడుకి తనే ఎత్తుకుంటాది కొంత. ఆ కొంత తన్ని ఎత్తుకోనీ.

కొంగు ఎడం పక్కనే ఉంచు. సేతికి దొరికేలాగ. నీ ఉత్తరం సదివినాక అలాగే ఉంచుతన్నాను.

సాయంత్రం తలుపు తెరిసి మంచం తిప్పు. సముద్రం కనపడాలి. కోపంలో ఉంటే ఎడం కాలు ఊపుతాది. నవ్వితే నీకు తెలుత్తాది.

ఆదివారం గంజి తాగినాది. గిన్నెడు. నాను ఓనరుకి ఫోను సేసినాకే నోరు తెరిసినాది, అంతవరకు సెవి ఇటే పెట్టుకున్నాది.

ఛార్జ్ ఇచ్చినవాడు: నూకాలు
తీసుకున్నవాడు: వాసు


నోటుబుక్కు, తర్వాతి పేజీలు
భీమిలి, 24 జూన్, శనివారం

బావా,

నువ్వు ఒడ్డుకి వచ్చాక చదువుకోవడానికి రాస్తున్నాను.

మొదటి రోజు మూడు అనేశాను. అప్ప కాలు ఊపింది. ఇక అనలేదు.

రెండు రోజులు ఇద్దరికీ ఇబ్బందే. నేను గంజి పడుతుంటే కళ్ళు మూసుకునేది. నేనూ గిన్నెలోకే చూసేవాడిని. ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎలా భరించావు? బెల్టు దగ్గర చప్పుడులో మనిషి ఒంటరిగా ఉండటం నాకు అలవాటే. ఇక్కడ మనిషి ఎదురుగానే ఉంటుంది, మాట ఉండదు. నువ్వు పొద్దుగూకేలోపు మాటలు అయిపోతాయన్నావు. నాకు పది గంటలకే అయిపోయాయి. నిఘంటువులో మాటలు చెప్పాను. మర్యాదకి విన్నది.

మూడో రోజు దిండు కిందకి చెయ్యి పెట్టి నా ఉత్తరాలు తీసింది. అన్నీ దాచింది. ఎండుచేపల వాసన ఇంకా పోలేదు. వెతికి వెతికి మొదటిది నా చేతిలో పెట్టింది. చదవమని. నేను వేరేది చదువుతానన్నాను. కాలు ఊపింది.

చదివాను. నా అబద్ధం నా గొంతుతో, దాని మొహం మీదే. ‘రాలేను. రిలీవర్ రాడు’ అన్న చోట వేలు పెట్టి ఆపింది. ఐదో తరగతి చదువు, ఇంకా మర్చిపోలేదు. ఆ మాట మీద వేలు కాసేపు ఉంచింది. తర్వాత అదే వేలితో నా గుండె మీద పొడిచింది. గట్టిగానే. ఇప్పటికీ నొప్పిగా ఉంది.

చొంగ కారింది. కొంగు చేతి దగ్గరే ఉంది. తీసుకోలేదు. మొహం నా వైపు పెట్టింది, తుడవమని. మొహం తిప్పుకోలేదు, బావా.

ఆ తర్వాత మా ఇద్దరికీ మాటలు లేకపోయినా ఇబ్బంది లేదు. తగరపువలసలో బస్సు మారుతూ కొన్న చక్కెరకేళీలు డజనులో తొమ్మిది అప్పే తిన్నది. నాకు మూడు. నేను ఒక్కటి కూడా అడగలేదు, తను తింటూనే ఆ మూడూ నా చేతిలో కుక్కింది.

నిన్న రాత్రి ఓనరు మనిషి వచ్చి కబురు చెప్పాడు. చేప బాగా పడుతోందట, ఇంకో రెండు రోజులు ఆగి వస్తారట. జగ్గారావుకి ఫోను చేశాను. బోటు ఇంకో రెండు రోజులకి గాని రాదట అన్నాను. ఆయనే అన్నాడు, ‘ఎదురుసూసీవోళ్ళు ఉన్నారు గదా, నెమ్మదిగా రా’ అని.

ఇది రాస్తున్న సమయం సాయంత్రం ఐదున్నర. తలుపు తెరిచి మంచం తిప్పాను. మాత్ర వేశాను. పక్క మార్చాను. అప్ప సముద్రం చూస్తోంది, బోటు కోసం. నేను అప్పని చూస్తున్నాను.

లాగ్‌బుక్కులో రోజూ రాసే మాటే ఇక్కడా రాసి సంతకం పెడుతున్నాను. రిలీవర్ ఇంకా రాలేదు. తొందరేమీ లేదు, బావా.

వాసు